నేను తర్జుమా చెయ్యని మాట

మా సంఘంలో తర్జుమా అవసరమైనవాళ్ళు ఎప్పుడూ ఐదారుగురికి మించి లేరు. మిగిలినవాళ్ళం ఇంగ్లిష్‌లోనే ఉద్యోగాలు చేస్తాం, ఇంగ్లిష్‌లోనే లాయర్లతో మాట్లాడతాం. మా పిల్లలైతే ప్రార్థన కూడా ఇంగ్లిష్‌లోనే చేస్తారు. అయినా ఇంగ్లిష్ ప్రసంగీకుడు వచ్చిన ప్రతిసారీ ఆయన పక్కన ఒక మనిషి నిలబడి ఒక్కో మాటనూ తెలుగులో చెప్పాల్సిందే. విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మలూ నాన్నలూ ముందు వరసలో కూర్చుంటారు. వాళ్ళ కోసం ఈ ఏర్పాటు. పన్నెండేళ్ళుగా అలా పక్కన నిలబడే మనిషిని నేనే.

ఈ పని నాకు మా సండే స్కూల్ మాస్టారి దగ్గర అబ్బింది. సువార్త సభల పందిట్లో విదేశీ ప్రసంగీకులకు ఆయనే తర్జుమా చేసేవారు. ఒకసారి అతిథి ఎవరో వాకిట్లో మంచు ఎత్తిపోసే పార గురించి ఏదో ఉపమానం చెప్పాడు. మాస్టారు ఒక్క క్షణం ఆగి, కళ్ళంలో తూర్పారబట్టే చేటగా మార్చి చెప్పారు. జనం తలలూపారు. నేను మెచ్చుకోబోతే ఆయన మొహం మాడ్చుకున్నారు.

"మంచు తెలియకపోతే తెలియకపోయిందిలే. ఆయన చెప్పింది నా నోట్లో ఆగిపోయిందిరా. అది తప్పు. చెవిలో పడ్డదంతా నోట్లోంచి బయటికి రావాలి. నీకు నచ్చిందీ, నచ్చనిదీ."

ఆ మాటను నేను బైబిల్ వాక్యంలాగే భద్రంగా దాచుకున్నాను. దాచుకోవడం వేరు, దాని ప్రకారం నడవడం వేరు.

మేముండే ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాకు సొంత మందిరం లేదు. ఎప్పుడో జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు కట్టుకున్న పాత చర్చిని ఆదివారం మధ్యాహ్నాలు వాడుకుంటాం. వాళ్ళు ఇప్పుడు ముప్పై మంది ఉంటారేమో, అందరూ తలలు నెరిసినవాళ్ళే. నడవాలో అద్దాల పెట్టెలో వాళ్ళ తాతల కాలపు బాప్తిస్మాల పుస్తకం తెరిచి ఉంటుంది. మొనదేలిన అక్షరాలు, ఒక్కటీ చదవలేం. మా పుస్తకం నీలం అట్టది. పేరు, బాప్తిస్మం తేదీ, ఊళ్ళో ఏ సంఘం, ఇక్కడ ఎప్పుడు చేరారు, ఏ సేవ చేస్తున్నారు. సెక్రటరీని గనక అది నా దగ్గరే ఉంటుంది.

ఎన్నికల తర్వాత మా ప్రార్థన విన్నపాల తీరు మారింది. అంతకు ముందు వీసా లాటరీ తగలాలనీ, ఇంటర్వ్యూ పాసవ్వాలనీ రాసేవాళ్ళు. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్ల ప్రోగ్రామ్ ఆగిపోయింది, మా టీమంతా పోయింది అని రాస్తున్నారు. కోర్టు తేదీలు రాస్తున్నారు. కొందరు పేరు లేకుండా పెట్టెలో కాగితం వేస్తున్నారు, దేవుడికి తెలుసులే అని. ఎన్నికల ఫలితం వచ్చిన ఆదివారం మా సంఘ పెద్ద స్తుతి ప్రార్థన చేశారు, దైవభయం గల ప్రభుత్వం వచ్చిందని. నేనూ ఆమెన్ అన్నాను. గట్టిగానే అన్నాను. అది ఇక్కడ రాయకుండా ముందుకు పోలేను.

మా ఆరాధనలో కీబోర్డ్ వాయించే అబ్బాయికి వసంతంలో ఉద్యోగం పోయింది. కార్ల సీట్లకు మోటార్లు చేసే కంపెనీలో ఇంజినీరు. ఇంకో కంపెనీ గడువైన అరవై రోజుల్లోపు వీసా కాగితాలు వేస్తానని మాటిచ్చి, ఆలస్యంగా వేసింది. అవి తిరిగొచ్చాయి. తర్వాత దేశం నుంచి పంపేసే విషయమై ఇమ్మిగ్రేషన్ కోర్టు నుంచి నోటీసు వచ్చింది. అప్పటికి భార్యకు ఇక్కడే పాప పుట్టింది. పురిటికి వచ్చిన అబ్బాయి వాళ్ళమ్మ కూడా వాళ్ళ దగ్గరే ఉంది.

నవంబరు మొదటి ఆదివారం ఆరాధన అయ్యాక అతని భార్య పాపను భుజాన వేసుకుని నడవాలో నన్ను ఆపింది.

"అన్నయ్యా, లాయర్ ఒక లెటర్ అడుగుతున్నారు. చర్చి మెంబర్ అని, ఎప్పటినుంచో, ఏమేం సర్వీస్ చేస్తున్నారో. లెటర్‌హెడ్ మీద కావాలంట. ఇక్కడ మాకు ఎంత కమ్యూనిటీ టైస్ ఉన్నాయో జడ్జి చూస్తారంట."

"అదెంతమ్మా. రేపు పంపిస్తాను."

"థాంక్యూ అన్నయ్యా. అన్నీ కలిపి ఫైల్ చెయ్యాలి, థాంక్స్‌గివింగ్ ముందు ఫ్రైడేకల్లా."

"రేపే పంపిస్తానన్నాను కదా."

పుస్తకం తీసి చూస్తే అన్నీ ఉన్నాయి. ఏడేళ్ళ నుంచి సభ్యుడు. కీబోర్డ్, సండే స్కూల్, కుర్చీలు వెయ్యడం, కుర్చీలు తియ్యడం. పావుగంటలో రాయగలిగే ఉత్తరం. లెటర్‌హెడ్ వాడుతున్నానని చెప్పడం మర్యాద గనక సంఘ పెద్దకు ఫోన్ చేశాను. టీకి రమ్మన్నారు.

ఆయన ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. సిటిజన్. కార్ల కంపెనీలో రిటైరయ్యారు. మంచు కురిస్తే పొరుగువాళ్ళ వాకిలి కూడా తనే శుభ్రం చేసే మనిషి. ఆయన్ను దుర్మార్గుడిగా రాస్తే అబద్ధమవుతుంది.

"లెటర్ ఇస్తే ఏమవుతుందో ఆలోచించావా బ్రదర్?"

"మెంబరే కదండీ."

"మెంబర్ కాదన్నానా? ఆ లెటర్ గవర్నమెంట్ ఫైల్‌లోకి వెళ్తుంది. మన అడ్రస్ వెళ్తుంది. కింద నీ సంతకం వెళ్తుంది. నీ గ్రీన్ కార్డ్ ఏ స్టేజ్‌లో ఉంది?"

"పెండింగ్‌లోనే ఉందండీ."

"మరి? మనవాళ్ళలో సగం మంది పెండింగే." ఆయన కప్పు కింద పెట్టారు. "ఇంకో మాట. రిజిస్టర్‌లో కూడా ప్రస్తుతానికి ఆ పేరు తీసెయ్. అంతా క్లియరయ్యాక మళ్ళీ రాసుకోవచ్చు. బిల్డింగ్ ఇచ్చిన వాళ్ళకి మనవల్ల ఇబ్బంది రాకూడదు కదా."

వంటింట్లోంచి వాళ్ళావిడ అంది: "కుర్చీలు వెయ్యడానికి మాత్రం మెంబరే."

"నువ్వూరుకో. అధికారులకు లోబడమని చెప్తోంది వాక్యం."

"లోబడమంది. ముందే వెళ్ళి తలుపు తీసి నిలబడమనలేదు."

ఆయన నవ్వేశారు. నేనూ నవ్వాను. బిస్కెట్ తిన్నాను. లేచేటప్పుడు, "ప్రార్థన చేసుకుని చెప్తానండీ" అన్నాను. మాలో ఆ మాటకు అర్థమేమిటో అందరికీ తెలుసు. సరేననడానికీ కాదనడానికీ ధైర్యం లేనివాడు ప్రభువును అడ్డం పెట్టుకుంటాడు. ఆ వారం నేను ఈ సంగతి గురించి ప్రార్థన చెయ్యలేదు. జవాబు ముందే తెలుసు గనక మోకాళ్ళ మీదికి పోవడానికి భయపడ్డాను.

పేరు కొట్టెయ్యలేదు. ఉత్తరమూ రాయలేదు. ఆ అమ్మాయి రెండుసార్లు మెసేజ్ పెట్టింది. "రాస్తున్నానమ్మా" అని ఒకసారి, చేతులు జోడించిన బొమ్మ ఒకసారి పంపాను. శుక్రవారం వచ్చింది, పోయింది.

కృతజ్ఞతల పండగ థాంక్స్‌గివింగ్ ముందు ఆదివారం ఆ జర్మన్ చర్చివాళ్ళూ మేమూ ఏటా కలిసి ఆరాధిస్తాం. ఈసారి సాక్ష్యం చెప్పింది వాళ్ళందరిలోకీ పెద్దామె. తొంభై ఏడేళ్ళు. వాకర్ తోసుకుంటూ వచ్చి, మైకు దగ్గర కుర్చీలో కూర్చుని, నన్ను కిందనుంచి పైదాకా చూసింది.

"నా నోరు నువ్వేనా?"

"అవునమ్మా."

"మెల్లగా చెప్తాను. నీ భాషలో నన్ను తెలివైనదానిలా వినిపించకు. ఉన్నదున్నట్టు చెప్పు."

అలాగేనన్నాను. ముందు వరసలో ఆ అబ్బాయి వాళ్ళమ్మ తెల్లచీర కొంగు తల మీదికి లాక్కుని, నా మొహంలోకి చూస్తూ కూర్చుంది. పక్కన సంఘ పెద్ద. అబ్బాయి కీబోర్డ్ దగ్గర. పాపతో ఆ అమ్మాయి వెనక తలుపు దగ్గర.

పెద్దామె మొదలుపెట్టింది. "నేను రెండు యుద్ధాల మధ్య పుట్టాను. మేము మధ్యలో ఉన్నామని మాకు తెలియదు. యుద్ధం అయిపోయిందనుకున్నాం."

అదే తెలుగులో చెప్పాను. వాళ్ళ నాన్న ఆ మొదటి యుద్ధం నుంచి ఒక చెవి వినపడకుండా తిరిగొచ్చాడు. మేజోళ్ళు అల్లే మిల్లులో పనిచేసేవాడు. మిల్లు మూసేశారు. మూడేళ్ళు ఇంట్లో కూర్చున్నాడు. పొద్దున్నే షర్టు వేసుకుని, బొత్తాలు పెట్టుకుని, వెళ్ళడానికి చోటు లేక కిటికీ దగ్గర నిలబడేవాడు. అమ్మ తన ఉన్ని చొక్కా విప్పి పిల్లలకు అల్లింది. పిల్లలు పెరిగితే దాన్నే మళ్ళీ విప్పి అల్లింది. దుంపల చారు. తర్వాత ఆ దుంపల తొక్కల చారు.

ముందు వరసలో ఆ తల్లి "అయ్యో" అని నాలుక చప్పరించింది. షర్టు వేసుకుని కిటికీ దగ్గర నిలబడే మనిషి అనగానే కీబోర్డ్ వైపు చూసింది.

"ఒక చలికాలంలో ప్రభుత్వం మారింది," అంది పెద్దామె. "ఒక్క వారంలో మా వీధి జెండాలు మారిపోయాయి. ఎన్నడూ రానివాళ్ళు చర్చికి వచ్చారు, వరసగా, బూట్ల చప్పుడుతో. మందిరం నిండింది. దేవుడు మా మొర విన్నాడన్నాడు మా పాస్టర్."

నేను అది తెలుగులో చెప్పగానే సంఘ పెద్ద అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. ఇంకో ఇద్దరు అందుకున్నారు. ఆమె ఏ ప్రభుత్వం గురించి చెప్తోందో అర్థమైనవాళ్ళు తలలు దించుకున్నారు.

కొత్త ప్రభుత్వంలో ప్రతి ఉద్యోగానికీ, ప్రతి పెళ్ళికీ ఒక రుజువు కావాలన్నారట. ఎవరి తాతలు, అవ్వలు ఎక్కడ బాప్తిస్మం పొందారో చూపించాలి. యూదుల రక్తం లేదని తేలాలి. ఆ రుజువు చర్చి పుస్తకాల్లో తప్ప ఎక్కడా లేదు. నకళ్ళు రాయడానికి మనుషులు కావలసి వచ్చారు. వాళ్ళ నాన్నది ముత్యాల్లాంటి చేతిరాత. చర్చి ఆఫీసులో పొయ్యి పక్కన ఆయనకో బల్ల వేశారు. మూడేళ్ళ తర్వాత ఆయన షర్టు వేసుకుని నిజంగా పనికి వెళ్ళాడు.

"నాకు బూట్లు వచ్చాయి," అంది ఆమె. "గోధుమరంగువి. నా మొట్టమొదటి కొత్త బూట్లు. నిద్రపోయేటప్పుడు కూడా విప్పలేదు."

అందరూ నవ్వారు. నా తెలుగుకీ నవ్వారు.

"మేము కూర్చునే బల్ల మీదే వయొలిన్ నేర్పే మాస్టారి కుటుంబం కూర్చునేది. ఆయన తాత యూదుడు. పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ సంగతి పుస్తకంలో ఉంది. సంఘానికి అది ఒకప్పుడు గర్వకారణం. మా నాన్న ఆ పేజీకి నకలు రాశాడు. తనకు వచ్చిన అందమైన రాతలో రాశాడు."

చెప్పాను. ఆమె గ్లాసు అందుకుని నీళ్ళు తాగింది. తర్వాత, మైకుకు కొంచెం దూరంగా జరిగి, ఇలా అంది: "ఆ పేరు కోసం ఎవరూ మా చర్చికి రాలేదు. మమ్మల్ని ఇంకా ఎవరూ అడగలేదు. మేమే పంపించాం."

అని నా వైపు తిరిగి నా మాట కోసం ఆగింది.

అప్పుడు ఎవరెక్కడ ఉన్నారో నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది. సంఘ పెద్ద నన్నే చూస్తున్నారు. కోపంగా కాదు, రోడ్డు దాటుతున్న పిల్లవాణ్ణి చూసినట్టు. కీబోర్డ్ దగ్గర అబ్బాయి తన చేతులు చూసుకుంటున్నాడు. ముందు వరసలో ఆ తల్లి నోరు కొద్దిగా తెరిచి, తర్వాత ఏమైందా అని నా నోటికేసి చూస్తోంది.

"ఆ రోజుల్లో అందరూ చాలా భయపడ్డారు," అన్నాను.

అది అబద్ధం కాదు. నిజమే. అంతకంటే నీచమైన పని నేను నా జీవితంలో చెయ్యలేదు.

పెద్దామె సాగించింది. తర్వాతి ఆదివారాల్లో ఒకసారి ఆ బల్ల ఖాళీగా ఉంది. వాళ్ళు ఎటు వెళ్ళారని ఎవరూ అడగలేదు. బల్ల వెడల్పైందని తను సంతోషపడింది, ఎనిమిదేళ్ళ పిల్ల. రెండో యుద్ధం వచ్చింది, పోయింది. ఆ తర్వాత వాళ్ళ నాన్న బతికినన్నాళ్ళూ కలం ముట్టలేదు. పండగ ఉత్తరాలు కూడా అమ్మ చేతే రాయించాడు. "ఏటా ఈ రోజు దేవుడికి అన్నింటికీ కృతజ్ఞత చెప్తాను. ఆ బూట్లకు మాత్రం చెప్పలేకపోయాను," అంటూ కళ్ళు తుడుచుకుంది. అది తు.చ. తప్పకుండా చెప్పాను. అప్పటికి నా గొంతు బాగానే పనిచేస్తోంది.

వేదిక దిగుతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"నేను, మేమే పంపించామన్నప్పుడు ముందు వరసలో ఒక్కరూ కదల్లేదు. అది నీ భాషలో చెప్పావా?"

"చెప్పానమ్మా."

చలిమంట దగ్గర నిలబడి ప్రభువును ఎరుగనన్న శిష్యుడి మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. ఎంత సులువుగా తిట్టాను అతన్ని. అతని చుట్టూ కనీసం సైనికులున్నారు. నా చుట్టూ గుమ్మడికాయతో చేసిన తీపి పైలు, బిర్యానీ ట్రేలు, కారం లేదని కాగితం అంటించిన కోడికూర, అది నమ్మి తిని ఎర్రబడ్డ తెల్లవాళ్ళు.

భోజనాల దగ్గర ఆ తల్లి పళ్ళెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. పక్కన కోడలు.

"బాబూ, ఒక మాట అడుగుతాను ఏమీ అనుకోకు. ఆ తల్లి బూట్లకు ఎందుకు ఏడ్చింది? తండ్రి కష్టపడి కొనిపెట్టాడు కదా. నాకు సరిగ్గా అందలేదు."

అందలేదు. ఇంగ్లిష్ వచ్చినవాళ్ళందరికీ అందింది, ఆమెకే అందలేదు. ఆ హాల్లో నా తర్జుమా అవసరమైన ఐదారుగురిలో ఆ మాట అవసరమైన మనిషి ఆమె ఒక్కతే. ఆమె దగ్గరే దాన్ని నొక్కేశాను.

కోడలు నా వైపు చూడకుండా పాప నోరు తుడుస్తూ అంది: "అత్తయ్యా, మధ్యలో ఒక మాట ఉంది. ఇంటికెళ్ళాక నేను చెప్తాను."

తర్వాత నాతో, అంతే మెల్లగా: "లెటర్ గురించి ఇంక మెసేజ్ పెట్టను అన్నయ్యా. మీకు ఇబ్బంది."

మర్నాడు ఆఫీసుకు వెళ్ళకముందే ఉత్తరం రాశాను. రెండు పేజీలు. ఏడేళ్ళలో అతను వేసిన ప్రతి కుర్చీ అందులో ఉంది. ఎవరినీ అడగలేదు. సెక్రటరీగా నా పేరు, నా సంతకం. మెయిల్‌లో పంపొచ్చు. కానీ తీసుకుని వాళ్ళ అపార్ట్‌మెంట్‌కు వెళ్ళాను. తలుపు తీసిన అబ్బాయి షర్టు వేసుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని ఉన్నాడు. చూడలేకపోయాను.

సోఫాలో కూర్చుని రెండు పేజీలూ చదివాడు, ఆఖరి వరస దాకా. మడతపెట్టాడు.

"లాయర్ ఫ్రైడేనే ఫైల్ చేసేశారన్నా. చూపించడానికి మన దగ్గర ఏం లేదని ఆయన వాలంటరీగా వెళ్ళిపోతామని చెప్పమన్నారు. అలా అయితే ఫ్యూచర్‌లో మళ్ళీ రావడానికి బార్ ఉండదంట, అడ్డు పెట్టరంట. సరే అనేశాం."

"ఇది ఇంకా కలపొచ్చేమో. నేను మాట్లాడతాను లాయర్‌తో."

"వద్దులే అన్నా. మా అమ్మ కూడా అలిసిపోయింది." ఉత్తరాన్ని రెండు చేతులతో నాకు తిరిగిచ్చాడు, కానుక పళ్ళెం అందించినట్టు. "బాగా రాశారన్నా."

ఎగతాళి చేశాడా అంటే లేదు. అతనికి ఎగతాళి రాదు.

వాళ్ళమ్మ వంటింట్లోంచి టీ తెచ్చింది. కోడలు ఆమెకు ఆ మాట చెప్పిందో లేదో తెలియదు. చెప్పినా అది నేను చెప్పాల్సిన మాట. ఆమె ఎదురుగా నిలబడి చెప్పాను. "అమ్మా, నిన్న ఆ పెద్దామె చెప్పినదాంట్లో ఒక మాట మీకు చెప్పకుండా వదిలేశాను. ఆ పేరు కోసం ఎవరూ రాలేదంట. ఎవరూ అడగకముందే చర్చివాళ్ళే ప్రభుత్వానికి పంపించారంట. ఆ పని చేసిన జీతంతో వచ్చిన బూట్లు అవి."

ఆమె కప్పు నా చేతికిచ్చింది. కొంగుతో చెయ్యి తుడుచుకుంది.

"మా వాడి పేరు ఉందా నాయనా, మన పుస్తకంలో?"

"ఉందమ్మా. తియ్యలేదు."

"సరే," అంది. "ఉంటే ఉండనీ. టీ తాగు, చల్లారిపోతుంది."